ఒకవైపే రాయవలెను

పిచ్చుకకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఒక్క మీ నాన్న ఎడమ మోకాలు తప్ప. అది మెట్లు కనబడితే చాలు, మొండికేస్తోంది. రోజూ అరగంట నడవమన్నాడు డాక్టరు. మీ నాన్న ఆ అరగంటను రెండు పావుగంటలు చేసి, ఒకటి పొద్దున వీధి చివర పేపరు కొట్టుదాకా, రెండోది సాయంత్రం అదే కొట్టుదాకా నడుస్తున్నారు. కొట్టు ముందు బల్ల మీద కూర్చునే గంటన్నర లెక్కలోకి రాదట. నీ కళ్ళు ఎలా ఉన్నాయి? రోజంతా అచ్చుతప్పులు వెతికే ఉద్యోగం. గంటకోసారి కిటికీలోంచి దూరంగా చూడమన్న సంగతి మరిచిపోకు.

నువ్వు పంపిన కవరు పన్నెండో తారీకున అందింది. ఉత్తరం నాలుగు పేజీలు, టైపు చేసిన నీ వ్యాసం ఆరు పేజీలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. జవాబు రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇంత ఆలస్యం నేనెప్పుడూ చెయ్యలేదని నీకు తెలుసు. ఫోన్లో చెబుదామని రెండుసార్లు నీ నంబరు నొక్కాను. రెండుసార్లూ నువ్వు "ఏంటమ్మా?" అనగానే "ఏం లేదే, తిన్నావా?" అని పెట్టేశాను.

ముందుగా ఒక్క మాట. నీ వ్యాసం ఇరవై ఎనిమిదిన ప్రెస్సుకి వెళుతుందన్నావు. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు దాన్ని పంపకు. అందులో లైబ్రరీ మాస్టారి గురించి నువ్వు రాసింది నిజం కాదు. నువ్వు అబద్ధం రాశావని కాదు. నీకు తెలిసింది రాశావు. నీకు తెలిసిందే తప్పు. ఆ తప్పు ఎక్కడుందో ఇక్కడే రాసేయాలి, కానీ చెయ్యి సాగడం లేదు. నీ ప్రశ్నలకి వరసగా జవాబులు చెప్పుకుంటూ వెళితే అక్కడికి చేరతానని ఆశ.

లైబ్రరీ ఇంకా ఉందా అని అడిగావు. ఉంది. వాచీల రిపేరు షాపు పైన అవే రెండు గదులు. మెట్ల పక్క గోడకి రంగు మార్చారు, కుర్చీలు ప్లాస్టిక్‌వి వచ్చాయి. ఇప్పుడు దాన్ని చూసుకునేది టైలరు గారి కూతురు. అభిప్రాయాల రిజిస్టరు కూడా ఉంది. ఇనప బీరువా కింది అరలో, పాత పత్రికల కట్టల వెనకాల దొరికింది. ఒక మూల పురుగు కొట్టింది కానీ అక్షరాలు పోలేదు. నువ్వు దిద్దుతున్న ఆ నవల మీద అందులో ముప్ఫై ఒక్క అభిప్రాయాలున్నాయి. యాభయ్యేళ్ళ ముద్రణ వెనకాల పాఠకుల మాటలు వెయ్యాలన్న ఆలోచన మీ ఆఫీసులో ఎవరిదో కానీ బాగుంది. ముప్ఫై ఒకటీ వేరే కాగితాల మీద ఎత్తి రాసి దీనితో పంపుతున్నాను. ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు.

ఎత్తి రాస్తుంటే ఆ మనుషులంతా వచ్చి నా వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నట్టయింది. టైలరు గారిది చూడు: "మూడో అధ్యాయంలో కుర్రాడి కోటు చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. తొమ్మిదిలో వేళ్ళు మూసేశాయి. ఎదిగే పిల్లాడికి చేతులు పొట్టి అవుతాయి గానీ పొడుగెలా అవుతాయి? రచయిత ఎవరికైనా చూపించుకుని రాయాల్సింది." డ్రిల్లు మాస్టారు పెద్ద అక్షరాలతో, "ఈ పుస్తకం పిల్లల చేతికి ఇవ్వరాదు. మూడుసార్లు చదివి మరీ చెబుతున్నాను" అని రాశారు. ఇంకొకాయన, "చదువుతూ నా స్టాపు దాటిపోయాను. నేను ప్రయాణికుణ్ణి కాదు, డ్రైవర్ని" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాడు. పళ్ళ డాక్టరు తన పేషెంట్లకి ఆ పుస్తకం చదివి వినిపించేవాడట. నోట్లో పరికరాలున్నందుకు వాళ్ళు నవ్వలేక కాళ్ళు తన్నుకునేవాళ్ళని రాశాడు. ఒక నర్సు మాత్రం, "కుర్రాడి నాయనమ్మ పోయిన అధ్యాయానికి అందరూ నవ్వారట. నేను డ్యూటీలో ఉండి చదివాను. నాకు నవ్వు రాలేదు" అని రాసింది. ఆ అమ్మాయి మొహం నాకు గుర్తు రావడం లేదు. ఆ అక్షరాలు మాత్రం గుర్తున్నాయి.

నీ వ్యాసంలో ఒక చిన్న సవరణ. మన పద్ధతి గురించి రాస్తూ పాఠకులు నేరుగా రిజిస్టరులో రాసేవాళ్ళన్నావు. అలా కాదు. నెలకో పుస్తకం. చదివినవాళ్ళు తమ మాట ఒక కాగితం మీద రాసి కిటికీ దగ్గర డబ్బాలో వేసేవాళ్ళు. వాటిని నేను ఇంటికి తెచ్చి, రిజిస్టరులో శుభ్రంగా ఎత్తి రాసి, కాగితాలు మాస్టారికి తిరిగి ఇస్తే, ఆయన ఇనప చువ్వకి గుచ్చేవారు. నెలాఖరు ఆదివారం రిజిస్టరు చూసి పైకి చదివేవారు. ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదని ఎత్తి రాసే పని నాకు అప్పగించారు. నా జీవితంలో ఇంటి బయట నాకంటూ ఉన్న పని అదొక్కటే. దానికోసం కొత్త పెన్ను కొనుక్కున్నాను. ఎర్ర సిరాతో గీతలు, నల్ల సిరాతో మాటలు. నువ్వు ఎగతాళి చేసేదానివి, "అమ్మ ఆఫీసు తెరిచింది" అని.

ఇక ఆ నవల. నువ్వు ఈమధ్యే ప్రూఫులు చూశావు కాబట్టి నీకు నోటికి వచ్చి ఉంటుంది. నాకు గుర్తున్నది చెబుతాను, తప్పుంటే దిద్దు. గొప్పవాడు కావాలని ఊరందరి సలహాలూ తు.చ. తప్పకుండా పాటించే కుర్రాడి కథ. మేనమామ గంభీరంగా ఉండమంటే ఏడాదిపాటు నవ్వడు. మేష్టరు వినయం నేర్చుకోమంటే కుర్చీలకు కూడా దణ్ణం పెడతాడు. ఇరవయ్యో ఏటికి అచ్చం ఒక పెద్దమనిషి అవుతాడు. లోపల ఏమీ మిగలదు. వాడికో తల్లి. వాడి తప్పులన్నీ రోజూ ఒక నోటుపుస్తకంలో రాస్తుంది. వాడి డైరీ కూడా ఆదివారం ఆదివారం తీసుకుని, దిద్ది, శుభ్రంగా ఎత్తి రాసి తిరిగి ఇస్తుంది. చివరికి వాడికి తన డైరీ చదివితే అది ఎవరిదో తెలియదు.

ఇది ఎగతాళి పుస్తకమని నాకు తెలియలేదు. నవ్వకు. నవ్వినా పరవాలేదు. నేను దాన్ని పిల్లల పెంపకం మీద రాసిన మంచి నవల అనుకుని చదివాను. అందులో నాకు నచ్చిన మనిషి ఆ తల్లి. నా అభిప్రాయం రిజిస్టరులో ఎనిమిదవది: "ఈ నవలలో బుద్ధి ఉన్న మనిషి ఆ తల్లి ఒక్కతే. మిగిలినవాళ్ళు ఆమె మాట విని ఉంటే పుస్తకం ఇరవై పేజీలలో ముగిసేది." మాస్టారు అది చదవగానే గది గదంతా గొల్లుమంది. డ్రిల్లు మాస్టారు బల్ల మీద చరిచారు. పళ్ళ డాక్టరు వెనక్కి తిరిగి, "అమ్మా, మీరు ఇంత చమత్కారులని తెలీదే! మొహంలో ఎక్కడా బయటపడనివ్వరు" అన్నాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండా అందరికంటే ఎక్కువసేపు నవ్వాను. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని నా వైపు చూస్తున్నావు.

ఇంటికొచ్చాక మీ నాన్నని అడిగాను. "అది వెటకారం నవలోయ్. ఆ తల్లిని చూసి నవ్వమనే రాశాడాయన. నువ్వు నిజంగానే రాశావా ఏంటి?" అన్నారు. "లేదులెండి, నేనూ వెటకారంగానే రాశాను" అన్నాను. ఆ వారం ఆ నవల మళ్ళీ చదివాను. ఆ తల్లి డబ్బాల మీద చీటీలు అంటిస్తుంది. తువ్వాళ్ళకు నంబర్లు వేస్తుంది. గోడ క్యాలెండరు మీద ఎవరు ఎప్పుడు తలంటుకున్నారో రాస్తుంది. పేజీ తిప్పినకొద్దీ నా చెవులు కాలిపోయాయి. ఎవరో మన వంటింట్లో దాక్కుని చూసి రాసినట్టుంది.

పుస్తకం కాపీలు రెండే ఉండటంతో ఆ నవలకు ఇంకో నెల పొడిగించారు. రెండో నెలలో నీ కాగితం వచ్చింది.

ఇక ఇక్కడ ఆగితే మళ్ళీ రాయలేను. కాసేపు నన్ను పిలవొద్దని మీ నాన్నకి చెప్పి తలుపు వేసుకున్నాను.

ఆ బుధవారం నువ్వు స్కూల్లో ఉన్నావు. డబ్బాలోంచి తెచ్చిన కాగితాలలో నీది నాలుగోది. నోట్సులోంచి చింపిన కాగితం, అక్షరాలు చిన్నవి. మొదటి మాట "ఈ నవలలో తల్లి మా ఇంట్లో ఉంది." చదివాను. కింద దాకా చదివాను. పెన్ను మూత పెట్టి, లేచి, పొయ్యి తుడిచాను. మళ్ళీ కూర్చుని ఇంకోసారి చదివాను. నీ మీద కోపం రాలేదని చెబితే అబద్ధం. కోపం కంటే, నెలాఖరున మాస్టారు దాన్ని పైకి చదువుతారన్నదే నన్ను తినేసింది. ఆ గది మళ్ళీ గొల్లుమంటుంది. ఈసారి నేను చమత్కారిని కాదని అందరికీ తెలుస్తుంది.

నువ్వు రాసింది నేను రిజిస్టరులో ఎక్కించలేదు. దాని బదులు ఇలా రాశాను: "ఈ నవలలోని తల్లి మా అమ్మ వలె క్రమశిక్షణ గలది. ప్రతి ఇంట్లో ఇటువంటి తల్లి ఉంటే పిల్లలు ప్రయోజకులవుతారు. ఈ పుస్తకం చదివి నా తప్పులు తెలుసుకున్నాను." కింద నీ సంతకం పెట్టాను. ఎర్ర సిరాతో గీత కొట్టాను. నీ కాగితం మడిచి కుట్టు మిషను సొరుగులో బొత్తాల డబ్బా కింద పెట్టాను. మిగతావి మాస్టారికి ఇచ్చేశాను.

పిచ్చుకా, మార్చింది మాస్టారు కాదు. నేను.

ఆ తల్లి డైరీ దిద్ది ఎత్తి రాసిందని ఊరంతా నవ్వుతుంటే, ఆ నవల రెండుసార్లు చదివి, ఏది ఎగతాళో తెలుసుకున్న తరువాత, నేను చేసింది అచ్చం ఆ పనే. ఇంతకంటే సిగ్గుచేటైన పాఠకురాలు ఆ పుస్తకానికి ఎక్కడా దొరికి ఉండదు.

ఆ ఆదివారం జరిగింది నువ్వు నీ వ్యాసంలో రాశావు. నువ్వు కూర్చున్న చోటు నుంచి రాశావు. నేను టీ బల్ల దగ్గర ఉన్నాను. మాస్టారు నీ పేరు చదివి, ఆ మూడు వాక్యాలు చదివారు. నువ్వు లేచి, "అది నేను రాసింది కాదు మాస్టారూ" అన్నావు. "పాపం, సిగ్గుపడుతోంది" అన్నాడు పళ్ళ డాక్టరు. అందరూ ముద్దుగా నవ్వారు. "నా కాగితం తీయండి, చూపిస్తాను" అన్నావు. మాస్టారు చువ్వకి గుచ్చిన కాగితాలన్నీ ఒక్కొక్కటే తిప్పారు. లేదు. అప్పుడు రిజిస్టరును కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. తల ఎత్తి నా వైపు చూశారు. నేను కప్పులు తుడుస్తున్నాను. తుడిచిన కప్పునే తుడుస్తున్నాను.

"కాగితం నా దగ్గరే ఎక్కడో పోయిందమ్మా. గుర్తున్న మాటలు నేనే చెప్పి అమ్మగారి చేత రాయించాను. పొరపాటు నాది" అన్నారు ఆయన.

నువ్వు పద్నాలుగేళ్ళ పిల్లవి. "గుర్తు లేకపోతే ఖాళీ వదిలెయ్యాలి. మీకు నచ్చింది రాసేసుకుంటారా? మీరు లైబ్రరీ నడపడానికి పనికిరారు" అన్నావు. డ్రిల్లు మాస్టారు, "ఏయ్, పెద్దాయన్ని పట్టుకుని ఏంటా మాట!" అని గద్దించారు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, "అననివ్వండి. ఆ అమ్మాయి అన్నది నిజమే" అన్నారు. నువ్వు మెట్లు దిగి వెళ్ళిపోయావు. నేను కప్పులన్నీ సర్ది, గుడ్డ ఆరేసి, అప్పుడు నీ వెనకాల వచ్చాను. దారిలో ఏడుస్తున్న నీతో ఏమన్నానో నీకు గుర్తుందో లేదో. "పోనీలేవే. పెద్దాయన, మతిమరుపు. నేను చెబుతాలే ఆయనకి" అన్నాను.

అక్కడితో ఆగినా ఒక రకం. ఆ తరువాత పదిహేడేళ్ళలో నువ్వు ఆయన్ని తిట్టినప్పుడల్లా నేను పక్కనే ఉన్నాను. ఒకసారి నువ్వు, "అమ్మా, అంత పెద్దమనిషికి ఒక చిన్నపిల్ల కాగితం దాచుకోవాల్సిన అవసరమేంటి?" అని అడిగావు. "ఆయనకి మొదటినుంచీ చాదస్తం ఎక్కువే" అన్నాను. ఆ మాట అన్నది వంటింట్లో. తొక్క తీస్తున్న బంగాళాదుంప కూడా గుర్తుంది నాకు. నువ్వు ఆ ఆదివారం నుంచీ లైబ్రరీ గుమ్మం తొక్కలేదు. నీకోసం ఆయన కొత్త పుస్తకాలు పక్కన పెట్టి నాకిచ్చి పంపేవారు. ఇంటి మెట్ల దాకా తెచ్చి, నువ్వు చూడకముందే మర్నాడు తిరిగి ఇచ్చేసేదాన్ని. "చదివిందా?" అని అడిగేవారు. "చదువులో తీరిక లేదండీ" అనేదాన్ని.

నీ వ్యాసంలో చివరి పేజీలో ఇలా ఉంది: "ఆ రోజు తరువాత నేను రాసిన ఏ కాగితమూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇతరుల మాటల్లో ఒక్క అక్షరమైనా నాది కలపకుండా దిద్దే ఉద్యోగం వెతుక్కున్నాను." నీకు ఆ ఉద్యోగం ఎందుకు అంత ఇష్టమో నాకు ఎప్పుడూ తెలియలేదు. మీ నాన్నతో, "దానికి నా పోలిక. పని శుభ్రంగా చేస్తుంది" అని చెప్పుకుని మురిసేదాన్ని. అది చదివిన పూట అన్నం సయించలేదు.

మర్నాడు కుట్టు మిషను సొరుగు లాగాను. కాగితం అక్కడే ఉంది. మడత దగ్గర పసుపుపచ్చగా అయింది. నీకు పంపేద్దామని తీశాను. పంపేముందు ఎన్ని పేజీలో చూసి కవరు మీద రాయడం నాకు అలవాటు కదా, అందుకని తిప్పాను.

వెనకాల కూడా రాసి ఉంది.

నువ్వు నమ్మవు. పదిహేడేళ్ళు ఆ కాగితం నా ఇంట్లో ఉంది, నేను దాని వెనకవైపు చూడలేదు. ఎందుకంటే లైబ్రరీ కిటికీ దగ్గరి డబ్బా పైన "కాగితానికి ఒకవైపే రాయవలెను" అని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది నేనే. సిరా అవతలికి దిగితే ఎత్తి రాయడం కష్టమని. అందరూ ఆ నియమం పాటించారు, డ్రిల్లు మాస్టారితో సహా. నువ్వు తప్ప. నియమం పెట్టాను కాబట్టి వెనక ఏమీ ఉండదని నా ధీమా. డబ్బాల మీద చీటీ చూసి మూత తెరవకుండా కొలిచే మనిషిని, కాగితాన్నీ అలాగే చూశాను.

అది చదివాక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఉన్నారా అని అడిగావు. ఉన్నారు. ఎనభై ఒకటి నిండాయి. లాండ్రీ వెనకాల వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. ఒక కన్ను బాగా మసక. గుమ్మంలో నన్ను చూడగానే, "రండి రండి. ఏ నెల రిజిస్టరు?" అన్నారు. కూర్చుని, నీళ్ళు కూడా తాగకుండా మొత్తం చెప్పేశాను.

"నాకు తెలుసమ్మా" అన్నారు. "మీరు ఎవరి మాటలు ఎత్తి రాసినా వాళ్ళ తప్పులు కూడా అలాగే ఎక్కించేవారు. టైలరు గారి తప్పులన్నీ భద్రంగా ఉండేవి. ఆ మూడు వాక్యాల్లో ఒక్క తప్పు లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల అలా రాయదు."

"మరి ఎందుకు మీద వేసుకున్నారండీ?"

"ఆ పిల్ల ఆ సాయంత్రం మీతో కలిసి ఒక ఇంటికి వెళ్ళాలి కదా. నాతో కలిసి వెళ్ళక్కర్లేదు" అన్నారు. మళ్ళీ ఆయనే, "రేపో ఎల్లుండో మీరే చెబుతారనుకున్నాను. అంతకంటే ఎక్కువ మోయాల్సి వస్తుందనుకోలేదు" అన్నారు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

వాళ్ళ చెల్లెలు మాత్రం ఊరుకోలేదు. లోపలి నుంచి బట్టలు మడుస్తూనే, "ఏళ్ళ తరబడి మా అన్నయ్య ఆ అమ్మాయి కనిపిస్తే వీధి దాటి అవతల నుంచి వెళ్ళేవాడమ్మా, దానికి ఇబ్బందని. మీకు తెలుసా ఆ సంగతి?" అంది. తెలియదన్నాను. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదన్నది కూడా నిజం.

మాస్టారు నీ కాగితం అడిగి, భూతద్దం పెట్టుకుని చదువుకున్నారు. ముందువైపు చదువుతూ దగ్గు వచ్చేదాకా నవ్వారు. తిప్పారు. వెనకవైపు చదవడానికి చాలాసేపు పట్టింది. భూతద్దం పక్కన పెట్టి, "ముప్ఫై ఒక్కటిలో ఆ నవలను సరిగ్గా చదివింది ఈ ఒక్కతే. దీన్నే పోగొట్టుకున్నాం మనం" అన్నారు. "ఇప్పుడు మీటింగు నెల మధ్యలోనే పెడుతున్నారు, ఈ ఆదివారమే ఉంది. చదివేయండి."

"నేనా? మీరు చదవండి మాస్టారూ."

"అబద్ధం మీ అక్షరాలతో ఉంది. నిజం మీ గొంతుతో వినిపించండి. నాకెలాగూ కళ్ళు కనబడవు."

మొన్న ఆదివారం వెళ్ళాను. పద్దెనిమిది మంది వచ్చారు. పాతవాళ్ళలో డ్రిల్లు మాస్టారు, టైలరు గారు, పళ్ళ డాక్టరు ఉన్నారు. మాస్టారిని ఆయన చెల్లెలు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. ముందు నేను చేసిన పని చెప్పాను. కుర్చీ ఒకటి కిర్రుమంది. తరువాత నీ కాగితం చదివాను. ముద్రణలో వెయ్యాల్సింది ఇదే కాబట్టి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. కాగితం కూడా పంపుతున్నాను, పోల్చి చూసుకో. నా మాట నమ్మమని ఇక అడగను.

ముందువైపు: "ఈ నవలలో తల్లి మా ఇంట్లో ఉంది. మా అమ్మ డబ్బాలన్నిటికీ చీటీలు అంటిస్తుంది. ఒక డబ్బా మీద ఖాళీ అని చీటీ ఉంది. అందులో ఏమైనా పోస్తే చీటీ తప్పవుతుందని ఎవరం ఏమీ పొయ్యం. కుర్రాడి డైరీ వాళ్ళమ్మ దిద్దుతుందని చదివి పడీపడీ నవ్వాను, ఎందుకంటే నేను మా నాయనమ్మకి రాసే ఉత్తరాలు మా అమ్మ దిద్దుతుంది. నాకు జొరం వచ్చింది అని రాస్తే ఆరోగ్యంగా ఉన్నాను అని మారుస్తుంది. పుస్తకంలో ఉన్నది తనే అని తెలీకుండా మా అమ్మ ఆ తల్లి ఒక్కతే బుద్ధి ఉన్న మనిషి అని రాసింది."

ఇక్కడిదాకా వచ్చేసరికి గది గొల్లుమంది. ఖాళీ డబ్బా దగ్గర మొదలుపెట్టి ఆపలేదు. టైలరు గారు కళ్ళు తుడుచుకున్నారు. పద్నాలుగేళ్ళప్పుడు నువ్వు విని ఉండాల్సిన నవ్వు అది, నీది. నేను అందులో నిలబడ్డాను. అంత భయపడ్డానా దీనికి, అనిపించింది. తరువాత తిప్పి చదివాను.

వెనకవైపు: "అందరూ నవ్వితే మా అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, ఫొటోలకి నవ్వే నవ్వు. అప్పుడు నాకు ఈ పుస్తకం రాసినాయన మీద కోపం వచ్చింది. ఆయన ఆ తల్లిని ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక్కసారీ చూపించలేదు. నేను చూశాను. స్కూలు నుంచి తొందరగా వచ్చిన రోజు మా అమ్మ ఒక్కతే కూర్చుని రాసుకున్నవన్నీ మళ్ళీ చదువుకుంటోంది, ఏదైనా మరిచిపోయానేమో అని భయంగా. అన్నీ రాసిపెట్టుకునేవాళ్ళకి ఏదో పోతుందని భయం. ఆయన నవ్వించాడు గానీ ఆ భయం రాయలేదు. అందుకని నాకు ఈ నవల ముప్పావు నచ్చింది."

ఎవరూ నవ్వలేదు. డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని, "ఆ రోజు ఆ పిల్లని గద్దించాను. అది నా లెక్కలో వేసుకుంటాను" అన్నారు.

రిజిస్టరులో ఆ పేజీ చింపలేదు, కొట్టెయ్యలేదు. నా అబద్ధం కింద ఎర్ర గీత కొట్టి, "పై అభిప్రాయం రాసింది ఈ అమ్మాయి తల్లి" అని రాసి, నా సంతకం పెట్టి, నీ మాటలు రెండువైపులవీ ఎక్కించాను.

నీ వ్యాసంలో మాస్టారు ఉన్న చోటల్లా నన్ను పెట్టు. "ఒక పెద్దమనిషి" అన్నచోట "మా అమ్మ" అని రాస్తే చాలు, మిగతా వాక్యాలు అలాగే సరిపోతాయి. సరిచూశాను. మెత్తగా మార్చకు. నువ్వు ఆయన మీద రాసినంత కటువుగానే ఉండనీ. మీ నాన్నకి కూడా నిన్న మొత్తం చెప్పాను. ఆయన చెప్పులు వేసుకుని, మోకాలి సంగతి మరిచిపోయి లాండ్రీ దాకా నడిచి వెళ్ళి మాస్టారిని చూసి వచ్చారు.

నన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. అడిగితే నువ్వు వెంటనే సరే అంటావేమో. నా సంగతి తేల్చుకోవడానికి నీకు ఎన్నాళ్ళు కావాలో అన్నాళ్ళు తీసుకో. కానీ మాస్టారికి మాత్రం ఈ వారమే ఉత్తరం రాయి. అక్షరాలు పెద్దవిగా, వరసల మధ్య ఖాళీ వదిలి రాయి, భూతద్దంతో చదువుతారు. చిరునామా వేరే కాగితం మీద ఉంది. ఆయనకి ఎనభై ఒకటి. నాకు యాభై అయిదే, నేను ఆగగలను.

ఇట్లు,
నీ కాగితం రెండో వైపు ఇన్నాళ్ళకు చదివిన
అమ్మ